గిన్నె తుడిచే గుడ్డ

పోయిన ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల జరిగింది. పట్నపు చర్చి. ఏసీ ఉంది, గోడంత తెర ఉంది, కింద సెల్లార్లో కార్లు పెట్టుకునే చోటుంది. బల్ల రోజున గుమ్మం దగ్గర ఒక బుట్ట పెడతారు. మనిషికొకటి తీసుకుని లోపలికి వెళ్లాలి. బొటనవేలంత ప్లాస్టిక్ కప్పు, దాని మీద రెండు పొరల మూత. పై పొర ఒలిస్తే నాణెమంత రొట్టె బిళ్ల, కింది పొర ఒలిస్తే రెండు గుక్కల రసం. ఎక్కడో ఫ్యాక్టరీలో నింపి, అంటించి, పెట్టెల్లో పంపిస్తారట.

కింది పొర నాకు సరిగ్గా రాలేదు. గోరుతో గీకితే ఒక్కసారిగా ఊడి, రసం చీర మీద పడింది. దగ్గు మందు వాసన. పక్కన కూర్చున్న ఆవిడ తన రుమాలు ఇస్తూ, ఈ పద్ధతి ఎంత శుభ్రమో చూడండి, ఒకరి చెయ్యి ఒకరికి తగిలే పనే లేదు అని మెచ్చుకుంది. నేను తలూపాను. తలూపుతూనే ఆ కప్పును కంటికి కనబడకుండా కుర్చీ కిందికి జరిపాను.

ఈ మాట చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మా ఇంట్లో చీదర మనిషిని నేనే. పెళ్లికి పోతే నా గ్లాసు నేను పట్టుకుపోతాను. నా కడుపున పుట్టిన కూతురు కొరికిన జామకాయ కూడా నోట పెట్టను. అలాంటిదాన్ని, ఎంగిలన్న మాటే లేని ఆ కప్పును చూసి నాకు రోత పుట్టింది. ఆ రోత ఎక్కడిదో నాకు తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు, అంతే.

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో మేం భద్రాచలం అడవి అంచున, ఒక కాగితం మిల్లు గోడ వెనక వాడలో ఉండేవాళ్లం. నాన్న మిల్లు వెదురు యార్డులో కాంట్రాక్టు కూలీ. గాలి ఇటు మళ్లిందంటే కుళ్లిన గుడ్డూ ఉడికిన క్యాబేజీ కలిసిన వాసన ఇల్లంతా నిండేది. చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే, ఏం వాసన అని మేం తెల్లమొహం వేసేవాళ్లం. ఎండాకాలం మొదట్లో మాత్రం అడవి వైపు నుంచి ఇప్పపువ్వు ఎండే వాసన వచ్చేది. తీపిగా, మత్తుగా, కాస్త పులిసినట్టు ఉండేది. రెండు వాసనలూ మా వాకిట్లో కలిసేవి. ఏది నయమో నాకిప్పటికీ తెలియదు.

మా చర్చి ఒక రేకుల షెడ్డు. మధ్యాహ్నానికి లోపల మనుషులు ఉడికిపోయేవాళ్లు. నలభై కుటుంబాల సంఘం. అందరూ మైదానం ఊళ్ల నుంచి పని కోసం వచ్చినవాళ్లే. అయ్యగారు, అంటే మా పాస్టరు, బక్కపలచని మనిషి. గట్టిగా పాడగలడు కానీ గట్టిగా మాట్లాడలేడు. సంఘ పెద్ద మిల్లులో పర్మనెంటు ఉద్యోగి. మా వాడలో పర్మనెంటు అంటే మామూలు మాట కాదు. ఆయన బూట్లు విప్పి లోపలికొస్తే, ఆ బూట్లను కూడా కొంచెం ఎడంగా విడిచేవాళ్లు.

ప్రభువు బల్ల నెలలో మొదటి ఆదివారం. దాని గిన్నె మా నాయనమ్మది. ఇత్తడి గిన్నె, కింద కాడ, లోపల కళాయి. వాళ్ల పాత ఊరి సంఘం వెండి గిన్నె కొనుక్కుని దీన్ని అటక మీద పడేస్తే, నాయనమ్మ అడిగి తెచ్చుకుంది. శనివారం పొద్దున నల్ల కిస్‌మిస్ నానబెట్టేది. సాయంత్రానికి అవి ఉబ్బి, ముడతలు పోయి, పిల్లల బుగ్గల్లా అయ్యేవి. చేత్తో పిసికి, గుడ్డలో వడకట్టి, కొంచెం బెల్లం నీళ్లు కలిపేది. పిప్పి నా వాటా. గింజలతో సహా నమిలేదాన్ని. ఒకసారి పిప్పితో ఆగక రసంలో కూడా గరిటె ముంచాను. నాయనమ్మ చూసి కొట్టలేదు. ఆ రసం పారబోసి, మళ్లీ కిస్‌మిస్ తెప్పించి, మళ్లీ నానబెట్టింది. దెబ్బలే నయం అనిపించింది.

ఆదివారం అందరికీ అదే ఒక్క గిన్నె. అయ్యగారు గిన్నె పట్టుకుని వరస వెంట నడిచేవాడు. పక్కనే నాయనమ్మ తెల్లగుడ్డ పట్టుకుని. ఒకరు తాగగానే అంచు తుడిచి, గిన్నెను పావు వంతు తిప్పి, తర్వాతివాళ్ల ముందుకు జరిపేది. మేం పిల్లలం, బాప్తిస్మం కానివాళ్లం, ముందు చాపలో కూర్చుని చూసేవాళ్లం. ఎన్ని రకాల మూతులో. జర్దా నమిలి ఎర్రబడ్డ మూతి, చుట్ట కాల్చి నల్లబడ్డ మూతి, గంజి మెతుకు అంటిన మీసం, రాత్రి తాగింది ఇంకా దిగని నోరు, పళ్లు లేక గిన్నెనే చప్పరించే అవ్వ. చివరికొచ్చేసరికి ఆ గుడ్డ మీద రసం మరక, వక్క మరక, ఇంకా ఏవేవో. చూస్తుంటే నాకు డోకు వచ్చేది.

ఒక ఆదివారం బోరింగు దగ్గర నాయనమ్మ గిన్నె కడుగుతుంటే నేను నీళ్లు కొడుతున్నాను. పెద్దయ్యాక నేను బాప్తిస్మం తీసుకోను, ఆ ఎంగిలి నావల్ల కాదు అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె గుడ్డ పిండుతూ తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ల ఊరి హోటల్లో ఊరవతల తమ వాడవాళ్లకు వేరే చిప్ప ఉండేది. చూరులో దోపి ఉండేది. వాళ్లే తీసుకుని, పై నుంచి పోస్తే తాగి, కడిగి, మళ్లీ చూరులో దోపి పోవాలి. చిప్ప మారిపోకుండా ఎర్రరంగు చుక్క పెట్టేవాళ్లట. పన్నెండేళ్ల పిల్లగా ఆమె మొదటిసారి ఆ ఊరి ప్రార్థనకు పోయింది, ఎవరో బెల్లం పెడతారంటే. ఆ రోజు, అప్పటికే సంఘంలో చేరిన వాళ్లమ్మ గిన్నెలో తాగింది. వాళ్లమ్మ తర్వాత, అదే గిన్నెలో, మిషన్ నర్సమ్మ తాగింది. తెల్లచీర, కళ్లద్దాలు, పెద్దింటి మనిషి.

“మా అమ్మ ఎన్క తాగింది బిడ్డా ఆమె. తుడుసుకోలే గూడ,” అంది నాయనమ్మ. “గా గిన్నె చూసే నేను వచ్చిన. వాక్యం గీక్యం అన్నీ తర్వాత సంగతి.”

అదే ఈ గిన్నె. అది విన్నా నా చీదర తగ్గలేదు. కథ బాగుంది, గుడ్డ మాత్రం అలాగే ఉంది.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో ఒకతను మా సంఘంలోకి కొత్తగా వచ్చాడు. అడవి లోపల కోయ గూడెం అతనిది. నడిస్తే రెండు గంటల దారి. నాన్నతో వెదురు లారీల దగ్గర పనిచేసినప్పుడు పరిచయమై, ఒక క్రిస్మస్‌కు వచ్చి, తర్వాత భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. గూడెంలో పెద్దలు కోపం చేయలేదట. పోతే పో, పండుగ రోజు మాత్రం మా ముందుండు, లేకపోతే నీ చేనికి సాయం రాం అన్నారట. పండుగకు పోయి కూర్చునేవాడు, మొక్కేవాడు కాదు. దాంతో ఆ ఏడు అతని చేను ఎవరూ ముట్టుకోలేదు. భార్యాభర్తలే దున్నుకున్నారు.

మేం పిల్లలం అతన్ని తునికిపండ్ల మామ అనేవాళ్లం. వచ్చినప్పుడల్లా మోదుగాకుల పొట్లంలో తునికిపండ్లు తెచ్చేవాడు. పైన గట్టి తోలు, లోపల పసుప్పచ్చని గుజ్జు, గింజ చీకితే చీకినంతసేపు తీపి. ఇంట్లో వాళ్ల భాష వేరు. తెలుగు సంతలో నేర్చింది. అందుకే చర్చి తెలుగు అతనికి సగమే అర్థమయ్యేది. అర్థమైన సగాన్ని గట్టిగా పట్టుకునేవాడు. ఒకసారి అయ్యగారు అక్షయ కిరీటం గురించి చెప్పాడు. వాడిపోనిది, తరిగిపోనిది, కష్టంలో కూడా విశ్వాసం వదలనివాళ్లకు దేవుడు పెట్టేది అని. ఆ మాట అతనికి ఎంతో నచ్చింది. బయటికొచ్చాక కూడా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు. అక్షయ, అక్షయ.

అప్పటికే అతనికి దగ్గు. ముందు పొడి దగ్గు, తర్వాత ఒళ్లంతా ఊగిపోయే దగ్గు. మనిషి ఎండిపోయాడు. నాయనమ్మే పోరుపెట్టి భద్రాచలం దవాఖానాకు పంపింది. తెమడ పరీక్ష చేశారు. అక్కడ ఎవరో కుర్ర డాక్టరు ఉన్నట్టున్నాడు. టీబీ అంటే మనిషి బెదిరి మళ్లీ రాడని కాబోలు, పుస్తకం మాట వాడాడు.

ఆ ఆదివారం అయ్యగారు, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నాడు. మామ లేచాడు. అంతకుముందు ఎప్పుడూ లేవలేదు. కండువా నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని, మొహం వెలిగిపోతుండగా చెప్పాడు.

“అయ్యగారు చెప్పిండు గదా, మనకు అక్షయ ఉన్నదని. దవాఖానల డాక్టరు సారు గూడ అదే చెప్పిండు. పరీక్ష చేసి, నీకు అక్షయ ఉన్నదన్నడు. ఆరు నెలలు గోళీలు మింగుమన్నడు. దేవునికి స్తోత్రం.”

కొందరు స్తోత్రం అన్నారు కూడా. చాలామందికి ఏమీ తట్టలేదు. నాకు తట్టింది. ఆ నెలలోనే మా సైన్సు టీచరు ఆ పాఠం చెప్పింది. క్లాసులో జవాబు చెప్పే పిల్లని నేనే. చెయ్యి కూడా ఎత్తాను, అదే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చెయ్యెత్తి, లేచి నిలబడి, గట్టిగా చెప్పాను.

“అక్షయ కాదు, క్షయ. అంటే టీబీ. మా పుస్తకంలో ఉంది. అంటువ్యాధి.”

శభాష్ అంటారనుకున్నాను. సంఘ పెద్ద భార్య తన కొడుకును చెయ్యి పట్టి లాక్కుంది. మామకు పక్కన కూర్చున్నవాళ్లు జరిగారు, వాళ్ల పక్కవాళ్లు జరిగారు. చూస్తుండగానే చాప మీద అతని చుట్టూ ఖాళీ ఏర్పడింది. అతను మాత్రం నా వైపు చూసి నవ్వాడు. అవ్ బిడ్డా, గదే, అన్నాడు. తర్వాత ఆ ఖాళీ మధ్యలో నిదానంగా కూర్చున్నాడు. చోటిచ్చారని సంతోషపడ్డాడనుకున్నాను నేను.

మర్నాటి నుంచి మా ఇంట్లో రచ్చ. దవాఖానావాళ్లు అతని గోళీల డబ్బా ఎవరైనా నమ్మకమైన మనిషి దగ్గర పెట్టాలన్నారు. వారానికి మూడు రోజులు ఎదురుగా కూర్చుని మింగించాలట. నాయనమ్మ నేనున్నానంది. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. పిల్ల ఉన్న ఇల్లు అంది. నాయనమ్మ అతన్ని వెంటబెట్టుకుని భద్రాచలం పోయి నర్సును అడిగి వచ్చింది. ఆ జబ్బు దగ్గుతో గాలిలో పోతుంది కానీ గిన్నెతో గ్లాసుతో కాదు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గాలి. గాలి తగిలేచోట కూర్చోవాలి. గోళీలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అంటుకునే గుణం తగ్గిపోతుంది. నర్సు చెప్పిన ఈ నాలుగు ముక్కలూ నాయనమ్మ వాడలో ఇంటింటికీ తిరిగి చెప్పింది. విన్నవాళ్లు విని, ఆమె పోయాక ఆమె కూర్చున్న పీట కడుక్కున్నారు.

మామ సోమ, బుధ, శుక్రవారాలు తెల్లారకముందే నడక మొదలుపెట్టి, మా వాకిట్లో వేపచెట్టు కింద కూర్చునేవాడు. పిడికెడు గోళీలు. ఒక్కొక్కటీ మింగుతూ డోకుకునేవాడు. నాయనమ్మ గంజి తాగించి మరీ మింగించేది. ఉమ్మడానికి ఒక పాత పౌడరు డబ్బాలో బూడిద పోసి ఇచ్చేది. దాన్ని తనే తీసుకుపోయి కాల్చేది. నేను కిటికీ వెనక చున్నీతో ముక్కు మూసుకుని చూసేదాన్ని. ఆ దగ్గు చప్పుడు, ఆ డబ్బా, అందులోకి ఉమ్మి అతను మూత పెట్టడం. చూడకుండా ఉండలేకపోయేదాన్ని, చూశాక అన్నం తినలేకపోయేదాన్ని. అతను తెచ్చిన తునికిపండ్లను అమ్మ అతను కనుమరుగయ్యేదాకా ఆగి, పొట్లంతో సహా పెంటకుప్ప మీద పారేసేది. నేను ఒక్క మాట అనలేదు. నాకు నోట్లో నీళ్లూరాయి, డోకూ వచ్చింది.

అమ్మను నేనెందుకు అనాలి. ఆ మాట బయటపెట్టింది నేను.

మొదటి ఆదివారం వచ్చింది. నాయనమ్మ గిన్నె తీసుకుని పోయేసరికి బల్ల మీద జేబురుమాలు కప్పి ఏదో ఉంది. తీసి చూసింది. స్టీలు గ్లాసు. అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క. ఇదేందని నెమ్మదిగా అడిగింది. సంఘ పెద్ద చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. మా నాన్నకు జ్వరం వచ్చినప్పుడు తన బండి మీద ఎక్కించుకుపోయిన మనిషి. ఆయన చేతులు కట్టుకుని, మర్యాదగానే చెప్పాడు.

“పెద్దమ్మా, ఆయనను రావద్దంటలేం. పిల్లలున్నోళ్లం. జాగ్రత్త పడాలె గదా. దేవుడు మనకు బుద్ధి ఎందుకిచ్చిండు?”

నాయనమ్మ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు పాటల పుస్తకం వైపు చూశాడు. ఆమె గుడ్డ తీసుకుని గిన్నె పక్కన నడిచింది. ఆ రోజు కూడా ప్రతి మూతీ తుడిచింది, ప్రతిసారీ పావు వంతు తిప్పింది. అందరూ అయ్యాక అయ్యగారు స్టీలు గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరికి పోయాడు. మామకు ఇప్పుడు అక్కడ వేరే చాప. దగ్గు వస్తుందేమోనని కండువా మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన భార్య. గ్లాసును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. నవ్వాడు. తనకు ప్రత్యేకంగా గ్లాసిచ్చి గౌరవించారని నవ్వాడనుకున్నాను. సగం తాగి, భార్యకివ్వబోయాడు.

నాయనమ్మ అతని చేతిలోంచి ఆ గ్లాసు తీసుకుంది. నేను ముందు చాపలోంచి మెడ తిప్పి చూస్తున్నాను. ఒక గుక్క తాగి, గ్లాసు అతని భార్య చేతిలో పెట్టింది. అంచు తుడవలేదు. అక్కడి నుంచి నడిచి బల్ల దగ్గరికి వచ్చింది. తెల్లగుడ్డను నాలుగు మడతలు పెట్టి సంఘ పెద్ద ముందు ఉంచింది.

“గీ గుడ్డతోని శానా ఏండ్లు మూతులు తుడిసిన. ఇగ నాతోని కాదు. ఎర్రసుక్క గ్లాసు ఉన్నకాడ తుడిసెటందుకు ఏమున్నది?”

ఆ చుక్క అర్థం అక్కడున్న ముసలివాళ్లందరికీ తెలుసు. అందరూ ఆ చుక్క చిప్పలో తాగినవాళ్లే, కనీసం అలా తాగినవాళ్ల బిడ్డలే. పళ్లు లేని అవ్వ తల దించుకుంది. సంఘ పెద్ద మెడ ఎర్రబడింది. రేకుల కింద మేమంతా చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మిల్లు గాలి మళ్లింది, ఆ వాసన లోపలికి కొట్టింది. ఆ రోజు వాసన నాకూ తెలిసింది.

బోరింగు దగ్గర నేను కొడుతుంటే ఆమె గిన్నె కడిగింది. భయం కాలేదా అని అడిగాను.

“ఎందుకు కాదు బిడ్డా, అయింది. భయమైతే విశ్వాసం పోయినట్టా ఏంది? రెండూ ఒక్క ఇంట్లనే ఉంటయ్. ఎవరి మాట వినాల్నో మనిష్టం.”

ఆ మంగళవారం అయ్యగారు మా ఇంటికొచ్చాడు. చేతిలో ఆ గుడ్డ. తనే ఉతికి, ఆరేసి, మడిచి తెచ్చాడు. సబ్బు సరిగ్గా వదల్లేదు, మూలల్లో తెల్లగా గట్టకట్టింది. గడపలో కూర్చున్నాడు. నాయనమ్మ మజ్జిగిచ్చింది, తాగాడు. గుడ్డ లేకుండా గిన్నె ఎట్ల పెద్దమ్మా అన్నాడు చివరికి. ఆమె గుడ్డ తీసుకుని మళ్లీ ఉతకడానికి వేసింది.

స్టీలు గ్లాసు మళ్లీ రాలేదు. దానికి బదులు వచ్చే నెల సంఘ పెద్ద ఎక్కడి నుంచో ఒక పళ్లెం తెప్పించాడు. పళ్లెం నిండా బెజ్జాలు, బెజ్జానికొక బుల్లి గాజు గ్లాసు. ఇక ఎవరి వెనక ఎవరూ తాగాల్సిన పని లేదు. పట్నంలో అన్ని చర్చిల్లో ఇదే పద్ధతి, శుభ్రత అన్నాడు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఒక్క గ్లాసు పోయి నలభై గ్లాసులొచ్చినయ్ అంది నాయనమ్మ. అయ్యగారు మాత్రం ఆ ఒక్క విషయంలో గట్టిగా నిలబడ్డాడు. పళ్లెం పక్కన పాత గిన్నె కూడా ఉంటుంది, ఎవరికి ఏది కావాలంటే అది అన్నాడు. గిన్నె దగ్గరికి పోయేది ఐదారుగురు. నాయనమ్మ, మామ, అతని భార్య, పళ్లు లేని అవ్వ, ఎప్పుడైనా నాన్న. నాయనమ్మ ఆ ఐదారు మూతులకూ గుడ్డ పట్టుకుని నిలబడేది. సంఘం మారుదామని నాన్న అంటే, నాది నేనెందుకిడిసిపెడత అంది.

మామ ఒక్క ఆదివారం మానలేదు, ఒక్క గోళీ మానలేదు. వానాకాలం వాగు పొంగితే చెట్టు కింద ఆగి, తగ్గాక వచ్చేవాడు. ఒక శుక్రవారం గోళీలు మింగాక నాయనమ్మ అతనికి ఆ మాట అసలు అర్థం విడమరిచి చెప్పింది. క్షయ అంటే తరిగిపోవడం, అక్షయ అంటే తరగకపోవడం అని. ఎర్రచుక్క సంగతి కూడా చెప్పి, నా బిడ్డలాంటోనివి, నీకు తెల్వక నవ్వితే నాకు కడుపు తరుక్కుపోయింది అంది. అతను గోళీల డబ్బా మూత బిగించి ఆమె చేతికిచ్చాడు.

“తెల్వదా అమ్మా. సంతల గూడ నాకు గట్లనే ఇస్తరు. సుక్క పెట్టరు, గంతే.”

“మరి నవ్వినవేంది?”

“నవ్వకుంటే అయ్యగారు ఏడ్సేటట్టున్నడు,” అన్నాడు మామ. “నేనొచ్చింది గ్లాసు కాడికి గాదు గదా. ఒక్క అచ్చరమే అమ్మా తేడా. గా ‘అ’ దేవుడే ముంగట పెడతడు.”

కిటికీ వెనక నేను విన్నాను. చాప మీద ఖాళీ కూడా అతనికి ఆ రోజే అర్థమైందన్నమాట. నా వైపు చూసి నవ్విన నవ్వు కూడా అలాంటిదే. అతను కాదు, తెలివితక్కువది నేను.

ఆరు నెలలకు తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు. ఒళ్లు చేశాడు. మళ్లీ వెదురు లారీలకు పోయాడు. గూడెంలో కూడా పిల్లల చదువుకో దవాఖానాకో అతన్నే వెంట తీసుకుపోయేవాళ్లు. మరుసటి ఏడు అతని చేనికి సాయం వచ్చారు కూడా. ఇప్పపువ్వు మళ్లీ ఎండింది, తునికిపండ్లు మళ్లీ వచ్చాయి. అమ్మ ఇప్పుడు పారేయడం లేదు. కడిగి, మళ్లీ కడిగి, నాకు పెట్టేది.

పదిహేనో ఏట నాకు వాగులో బాప్తిస్మం ఇచ్చారు. ఆ నెలే నా మొదటి బల్ల. పళ్లెం వరస పొడుగ్గా ఉంది, గిన్నె వరస చిన్నది. నేను గిన్నె వరసలోనే నిలబడ్డాను. నాయనమ్మ మొహం చూడాల్సింది. నా ముందు మామ. రెండు చేతులా గిన్నె అందుకుని, కళ్లు మూసుకుని తాగాడు. మీసం చివర ఒక చుక్క నిలిచింది. నాయనమ్మ అంచు తుడిచింది, పావు వంతు తిప్పింది, నా ముందుకు చాచింది.

మామకు జబ్బు పోయి రెండేళ్లు దాటింది. భయపడటానికి నా పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. ఉన్నది ఉత్త రోత. ఆ మీసం, ఆ చుక్క, ఎప్పుడో చూసిన ఆ పౌడరు డబ్బా. నా చెయ్యి పక్కకు పోయి పళ్లెంలోంచి ఒక బుల్లి గ్లాసు తీసుకుంది. చల్లగా, శుభ్రంగా ఉంది. గటుక్కున మింగాను. మామ నన్ను చూసి, అప్పటిలాగే నవ్వి, పక్కకు జరిగాడు. ఈసారి ఆ నవ్వు ఏమిటో నాకు తెలుసు.

బోరింగు దగ్గర నాయనమ్మ ఎప్పటిలాగే గిన్నె కడిగింది. నేనే ఏడ్చాను. అప్పుడంది, తొందరేమున్నది బిడ్డా, గిన్నె యాడికి పోతది అని.

గిన్నె ఎక్కడికీ పోలేదు. మరుసటి వానాకాలం కామెర్లొచ్చి నాయనమ్మే పోయింది. ఆమె పోయాక గుడ్డ పట్టేవాళ్లు లేక గిన్నె బల్ల మీద నుంచి దిగింది. మామ తర్వాత కూడా వచ్చేవాడు, పళ్లెంలోది తాగేవాడు. నేను చదువుకని ఖమ్మం, ఉద్యోగమని పట్నం చేరాను. గిన్నే గుడ్డా నా ట్రంకుపెట్టెలో నాతో పాటు చేరాయి. ఆ గిన్నెలో నేను ఒక్కసారి కూడా తాగలేదు. నా విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే గట్టిదే అని చెబుతాను. ప్రార్థన మానను, ఆదివారం మానను. భయమొస్తే తట్టుకోగలను, చాలాసార్లు తట్టుకున్నాను. నన్ను ఓడించింది భయం కాదు.

పోయిన ఆదివారం ఇంటికొచ్చి, చీర మార్చుకుని, పెట్టె తెరిచాను. కళాయి పోయింది, లోపల చిలుము పట్టింది. చింతపండుతో తోమి, మంచినీళ్లు పోసి, నిలబడే తాగాను. ఏ రోతా పుట్టలేదు. ఎందుకు పుడుతుంది, నా ముందు తాగినవాళ్లెవరూ లేరు. అలవాటు లేని చేత్తోనే అంచు తుడిచాను, గిన్నెను పావు వంతు తిప్పాను. వంటింట్లో నేనొక్కదాన్నే.

గుడ్డ మీద కొత్త మరక ఒక్కటీ పడలేదు. ఆ శుభ్రం చూస్తే నాకు డోకు వచ్చింది.